మంచుకొట్టు తలుపు

మా స్కార్‌బెక్ ఊళ్ళో పొద్దు వాలితే మంచుకొట్టు తలుపు దగ్గరికి ఎవరూ పోరు.

దొరల బంగళా ఎప్పుడో తగలబడిపోయింది. మిగిలింది ఆ కొట్టొక్కటే. చెరువులో మంచు కోసి వేసవి దాకా దాచుకోడానికి దొరలు దిబ్బ కింద కట్టించిన ఇటుక గది. ఇనప తలుపు, బయటివైపు గడియ. తలుపు దాటగానే నిటారుగా కిందికి దిగే మెట్లు. అందులో ఎవరో ఉన్నారంటారు. ఎవరయ్యా అంటే తలొకటీ చెబుతారు. కుక్కలు మాత్రం ఆ దిబ్బ కనపడగానే కాళ్ళు తన్నిపెట్టి ఆగిపోతాయి.

అక్కడ జరిగిన ఓ సంగతి నాకు మా వదిన డోరీన్ చెప్పింది. పొయ్యి పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా, మంటకేసి చూస్తూ చెప్పింది.

నవంబరు నెల. చర్చి హాల్లో పుస్తకాల సంఘం కూర్చుంది. ఆ వారం చదివింది ఓ పాత దెయ్యాల నవల — కొండ కొమ్మున కోట, అందులో రాక్షసుడి లాంటి దొర, అతను పై గదిలో పెట్టి తాళం వేసిన పెళ్ళాం. పెద్దరికం ఎప్పటిలాగే గార్బట్ మాస్టారిది. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పినవాడు. వదినక్కూడా.

"ఆ దొర కళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది" అన్నాడాయన.

మూలనున్న హెస్టర్ టీ కప్పు కింద పెట్టింది. బతుకంతా బీచి హోటల్లో వడ్డన చేసిన మనిషి. మొగుడు పోయాక పుస్తకాలే తోడు.

"నాకు దొరని చూస్తే భయం వెయ్యలేదు మాస్టారూ. పైన ఆ పిల్ల తలుపు బాదుతుంటే కింద సూపు వడ్డించారే, వాళ్ళని చూస్తే వేసింది. అందరికీ వినపడింది. ఒక్కడూ పైకెళ్ళలేదు."

"ఎంతైనా వడ్డించిన చెయ్యి కదా హెస్టర్! నీకు సూపే కనపడుతుంది."

అందరూ పకపకా నవ్వారు. మా వదిన కూడా. హెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వండి. దెయ్యాలంటే నాకు భయం లేదు, అంతే" అంది.

ఆ మాట పట్టుకున్నాడు మాస్టారు.

ఇళ్ళకి మాస్టారు, హెస్టర్, వదిన ముగ్గురిదీ ఒకటే దారి, వదిన చేతిలో లాంతరు. సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తోంది. దారి పక్కనున్న ఆ దిబ్బ దగ్గరికి రాగానే మాస్టారు గడియ లాగి తలుపు తెరిచాడు. "భయం లేదన్నావుగా! లోపలికెళ్ళి ఓ నిమిషం నిలబడు, చూద్దాం."

"వద్దు హెస్టరక్కా" అంది వదిన — మెల్లగా, ఎవరికీ పట్టనంత మెల్లగా.

హెస్టర్ ఆయన్ని ఎగాదిగా చూసి, తల వంచి లోపలికి నడిచింది. వెనకే తలుపు దబ్బున పడింది. మాస్టారు గడియ బిగించాడు.

లోపల ఏదో దొర్లిన చప్పుడు… తర్వాత ఏమీ లేదు.

మాస్టారు నోటి మీద వేలుంచుకున్నాడు.

అప్పుడు తలుపుకి ఆనుకున్నంత దగ్గర్నుంచి ఓ ఆడగొంతు. కేక కాదు, మామూలు మాట.

"తలుపు తియ్యండి. ఈవిడ పడిపోయింది."

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "విన్నావా? 'ఈవిడ'ట! ఎంత నటన! ఇప్పుడు తీశామా, చచ్చేదాకా మనల్ని ఆడిస్తుంది."

"తియ్యండమ్మా… ఇంకా ఊపిరుంది."

"మాస్టారూ, ఇంక చాల్లెండి…"

"ఉండవే డోరీన్. కాసేపు ఏడవనీ."

ఆయన పైపులో పొగాకు కూరుకుని, వెలిగించి, తీరిగ్గా పీల్చాడు. లోపలి గొంతు అడుగుతూనే ఉంది. ఒక్కసారీ హెచ్చలేదు, ఒక్కసారీ వణకలేదు. మాస్టారు నవ్వుతున్నాడు. ఆయన నవ్వుతున్నాడు కదా అని వదిన కూడా నవ్వింది.

పైపు ఆరబోతుండగా ఆ గొంతు అంది —

"ఇక తియ్యక్కర్లేదు."

వదిన నవ్వు ఆగిపోయింది. ఒక్క అంగలో వెళ్ళి గడియ లాగింది. ఎత్తి పట్టిన లాంతరు వెలుగులో… తలుపు వెనకాల ఎవరూ లేరు. మెట్ల అడుగున, రాతి నేల మీద, హెస్టర్ వెల్లకిలా పడి ఉంది.

విచారణలో డాక్టరు చెప్పాడు. మొదటి మెట్టు దగ్గరే కాలు జారింది. దవడ రెండు ముక్కలైంది, నోరంతా నెత్తురు. ఆ నెత్తురే గొంతులోకి దిగి చాలాసేపటికి ప్రాణం పోయింది. ఎవరైనా వెళ్ళి పక్కకి తిప్పి పడుకోబెట్టుంటే బతికేది.

"కేక వేసి ఉంటుందా?" అని అడిగాడు అధికారి.

"కేక కాదు కదా, ఒక్క మాట పలకడానికి కూడా వీల్లేదు."

మాస్టారు లేచాడు. ఆవిడే సరదాగా లోపలికెళ్ళిందన్నాడు. గాలికి తలుపు పడిందన్నాడు. బిగుసుకుపోయి రాలేదన్నాడు. "లోపల్నుంచి చిన్న చప్పుడైనా రాలేదండీ" అని కూర్చున్నాడు.

అధికారి మా వదిన వైపు తిరిగాడు. "మీకేమైనా వినపడిందా అమ్మా?"

వదిన మాస్టారి మొహం చూసింది.

"లేదండీ. ఏమీ వినపడలేదు."

ఆ మాట పూర్తయీ కాకముందే… వెనకెవరూ లేని చోట, చెవికి ఆనుకుని, చల్లగా, అదే గొంతు —

"విన్నావు."