గుండు లేని తుపాకులు

ఆనబా కెన్సాకు తలుపు తీసి, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నవ్వాడు.

"నువ్వా! రా, రా. టీ పెడతాను. నీకో వింత చెప్పాలి. నా గుండ్ల అచ్చు ఎవడో ఎత్తుకుపోయాడు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే మొదట."

అది అబద్ధం. ఆనబా మధ్యాహ్నమే ఒసాకాలో ఒక నంబరుకి ఫోన్ చేశాడు. పాత తుపాకులు బాగుచేసే ఆ ముసలాయన, ఆ నంబరు వాళ్ళకి ఏడాదిగా చిన్న చిన్న కబుర్లు చేరవేస్తున్నాడు. ఆ సంగతి వచ్చినవాడికి తెలియదు.

ఆనబా కెటిల్ అందుకోవడానికి అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరగలేదు.

మర్నాడు కురెహా పోలీసులు చూసి, మెట్ల మీంచి జారి మెడ విరిగిందన్నారు. వయసు మళ్ళినవాడు, మెట్లు నిటారువి. ఎవరూ మారు మాట్లాడలేదు.

ఒసాకాలో, పేరు బోర్డు లేని ఒక ఆఫీసులో, ఆనబా ఫోన్ అందుకున్న ఒబాతా మాత్రం నమ్మలేదు. ఏజెంట్ కుజుమి రెయిజిని పిలిపించాడు.

"కురెహా కోట ఉత్సవం తెలుసా?"

"సరస్సు ఒడ్డున పాత వత్తి తుపాకులు పేలుస్తారు. ఫిల్మ్ కెమెరాల క్లబ్బు వాళ్ళు పోయి ఫోటోలు తీస్తారు."

"అదే. పేల్చేది ఉత్త మందే, గుండు వేయరు. మరి గుండ్లు పోసే అచ్చుతో ఎవడికేం పని?"

జవాబు కూడా ఒబాతాయే చెప్పాడు.

"ఇవాసె కోసం."

ఇవాసె అసలు పేరు వేరు. సముద్రం అవతలి దేశం గూఢచారి శాఖలో గుమాస్తాగా ఉండి, రెండేళ్ళ కిందట పారిపోయి వచ్చాడు. జపాన్‌లో పనిచేస్తున్న 'నీటికాకి' ముఠాలో ప్రతి ముఖమూ ఆయనకి తెలుసు. సోమవారం కోర్టులో మూసిన తలుపుల వెనక సాక్ష్యం చెప్పబోతున్నాడు. ఈ రెండేళ్ళూ ఆయన్ని బతికించింది పాత కెమెరాల పిచ్చి. ఆదివారం ఒక్క పూట కెమెరాతో బయట తిరగనిస్తేనే కోర్టుకొస్తానని పట్టుబట్టాడు.

"పడవలోంచి ఫోటోలు తీస్తాడు," అన్నాడు ఒబాతా. "తుపాకుల వరసకి ఎదురుగా. ఉత్త మందుకైతే ప్రమాదం లేని దూరం. సీసపు గుండుకైతే అది దూరమే కాదు. చచ్చిపోతే ఏమంటారు? పండగలో ఎవడో మతిమరుపువాడు పొరపాటు చేశాడంటారు. విదేశీ హస్తం అని ఎవడూ అనడు."

"ఉత్సవం ఆపేయొచ్చు కదా?"

"ఆపితే మన దగ్గర కబురుందని వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళలో ఉంటూ ఆ కబురు మనకి తెచ్చిన మనిషి సాయంత్రానికి ఉండదు."

"తొకివా మినె," అన్నాడు కుజుమి.

"ఆవిడే. ఎర్రతాళ్ళ కవచం వేసుకున్నవాడు కాలుస్తాడని చెప్పింది. వాడి వెనకాల మన నిరె ఉంటాడు, పనివాడి వేషంలో. నువ్వు ఫోటోగ్రాఫర్‌వి. మొత్తం వరసని చూడు."

"ఇవాసెకి చెప్పారా?"

"చెబితే చేతులు వణుకుతాయి. ఫోటోలు చెడిపోతాయి."

కుజుమి తల ఊపి లేచాడు. ఆ మాటకి కోపం రావాలని ఆయనకి తెలుసు. రాలేదు.

రెండేళ్ళుగా అంతే. ఒతారు రేవులో సహచరుడు సెగవా తూటా తగిలి నీళ్ళలో పడిపోయిన నాటినుంచి ఏదీ లోపలికి దిగడం లేదు. అంత్యక్రియలకి వెళ్ళాడు, అగరుబత్తి వెలిగించాడు, గొడుగు మడిచి రైలెక్కాడు. అంతే. ఆ రాత్రి రేవు దగ్గర దారి ఖాళీగా ఉంటుందని కబురిచ్చింది తొకివా మినె. ఖాళీగా లేదు.

ఆదివారం ఆకాశం తేటగా ఉంది. సరస్సు మీంచి చల్లగాలి వీస్తోంది. కోట గోడ కింద పడుచువాళ్ళూ ముసలివాళ్ళూ మెడల్లో తాతలనాటి కెమెరాలు వేసుకుని, ఎవరి లెన్సు గొప్పదో వాదించుకుంటున్నారు. కుజుమి మెడలో ఒక జంటకళ్ళ కెమెరా ఉంది. డబ్బాలాంటిది. పైమూత తెరిచి తల వంచి చూస్తే ఎదుటి దృశ్యం లోపలి గాజు మీద కనబడుతుంది. ఆఫీసువాళ్ళు పై కంటికి దుర్భిణి అమర్చారు. మీట నొక్కితే మాట నేరుగా నిరె చెవికి చేరుతుంది. చప్పుడు భయానికి అందరూ చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకున్నారు కనుక కుజుమి చెవిలోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"మబ్బు పట్టేలా ఉంది. లెన్సు ఎంతలో పెట్టారు?" అంది పక్కనుంచి ఒక గొంతు.

"పదకొండు. మబ్బు పట్టదు."

సంకేతం సరిపోయింది. తొకివా మినె నవ్వింది. క్యోతోలో ఆమెకి పాత కెమెరాల దుకాణం ఉంది. ముదురు నీలం కిమోనో, పెదాలకి సన్నటి ఎరుపు, చేతిలో వెండిరంగు చిన్న కెమెరా. చుట్టూ ఉన్న మగవాళ్ళు కోటని మానేసి ఆమెనే ఫోటో తీస్తున్నారు.

"అలా పట్టుకున్నారేంటండీ, పెరుగు గిన్నెలాగా?" అంది. "నడిచేవాడి వెంట తిప్పి చూడండి."

తిప్పాడు. గాజు మీద మనిషి ఎదురువైపుకి జారిపోయాడు.

"అద్దంలో లాగే కుడి ఎడమలు తారుమారు," అంది ఆమె. "కొత్తగా కొన్నవాళ్ళందరూ దీని దగ్గరే బోల్తా పడతారు."

"ఎర్రతాళ్ళవాడి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎప్పుడూ చెప్పేవాళ్ళే."

"ఒతారులో చెప్పినవాళ్ళేనా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. కెమెరా కన్నుని చీరకొంగులా వేలాడే కిమోనో చేతితో తుడిచింది.

"ఆ రోజు నాకు చెప్పిందే మీకు చెప్పాను, కుజుమి గారూ. వాళ్ళు నన్ను పరీక్షించడానికే అలా చెప్పారని సెగవా గారు పోయాక గానీ తెలియలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి."

కుజుమి నమ్మనూ లేదు, మానేయనూ లేదు.

తుపాకుల దళం వాళ్ళు గుడారంలో భోజనం చేస్తూ కెమెరావాళ్ళని కూడా పిలిచారు. దళానికి పెద్ద హొరియె అనే ఆయన. డెబ్భై ఏళ్ళు, నిటారు మనిషి. అందరూ గురువుగారని పిలుస్తున్నారు. ఊరగాయలా ఏడాదిపాటు మాగబెట్టిన చేపముక్కలు కుజుమి ముందు పెట్టాడు. వాసనకి పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. కుజుమి వరసగా తినేశాడు.

"ఏం నాయనా, ఈ ఊరివాడివా?" అని నవ్వాడు హొరియె. "కొత్తవాళ్ళు వాసనకే పరిగెడతారు."

"నాకు వాసన తెలియలేదండీ."

ముసలాయన ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత తుపాకీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని దట్టించే తీరు చూపించాడు. గొట్టంలో మందు పోయాలి. కర్రతో ఒక్కసారి కూరాలి. పక్కనున్న చిన్న గిన్నెలో రంజకం, అంటే చటుక్కున అంటుకునే మెత్తటి మందు, వేసి మూత వేయాలి. పేల్చే ముందు మూత తీస్తే, మండే వత్తి దాని మీదకి దిగుతుంది.

"గుండు వేస్తే?" అన్నాడు కుజుమి.

"అప్పుడు మందుకోసారి, గుండుకోసారి. రెండుసార్లు కూరాలి. ఆ పని మా నాన్నల కాలంతోనే పోయింది బాబూ." హొరియె గొంతు తగ్గించాడు. "మా ఆనబా ఉంటే ఇంకా బాగా చెప్పేవాడు. మొన్ననే నా భుజం మీద మోసుకెళ్ళాను."

భోజనాలయ్యాక పడవ కదిలింది. ఇవాసె అందులో ముందువైపు కూర్చుని, చిన్నపిల్లాడిలా ఒడ్డుకి చెయ్యి ఊపుతున్నాడు. రెల్లుపొదలు దాటి పడవ ఆగింది. తుపాకులవాళ్ళు తొమ్మిదిమంది, నల్ల కవచాలతో నల్ల టోపీలతో నీటివైపు తిరిగి వరసగా నిలబడ్డారు. నడుమ ఒకడి వీపు మీద మాత్రం ఎర్రతాళ్ళు. కెమెరావాళ్ళందరూ వెనక రాతిగట్టు మీద ఉన్నారు. వాళ్ళకి వీపులే కనబడుతున్నాయి.

వరస పక్కన నిలబడి ఆజ్ఞలిచ్చే కుర్రవాడు బెత్తం దించాడు. మొదటి విడత పేలింది. గట్టు అదిరింది. తెల్లటి పొగ వరసని కప్పేసింది. జనం చప్పట్లు కొట్టారు.

"రెండో విడతకే," అంది మినె పెదవులు కదపకుండా. "పొగ ఉన్నప్పుడే."

పొగ కాస్త పలచబడగానే కుజుమి తల వంచి గాజులోకి చూశాడు. ఎర్రతాళ్ళవాడు మందు పోశాడు. కర్ర ఒకసారి దిగింది, పైకొచ్చింది. పక్కన పెట్టేశాడు. రంజకం వేసి మూత వేశాడు.

ఒక్కసారే.

"వీడు కాదు," అన్నాడు కుజుమి.

మినె ముఖంలో రంగు పోయింది. "అయితే నన్ను మళ్ళీ..."

కుజుమి వినలేదు. దుర్భిణిని వరస వెంట నడిపించాడు. ఒక్కొక్కరే కర్రలు పక్కన పెడుతున్నారు. చివరినుంచి రెండో మనిషి చేతిలో కర్ర పైకొచ్చింది, ఆగింది. ఎడమ చెయ్యి గొట్టం మూతికి ఏదో అందించింది. కర్ర మళ్ళీ దిగింది.

"నిరె! ఎడమ చివర రెండోవాడు!" అంటూ గట్టు మీంచి కిందకి దూకాడు. ఎడమవైపు పరుగెత్తాడు. నిరె కూడా అటే పరుగెత్తి, రెండోవాణ్ణి నడుం పట్టుకుని పడేశాడు. వాడు "ఒరేయ్, ఎవడ్రా నువ్వు!" అని కేక పెట్టాడు.

ఆజ్ఞలిచ్చేవాడి బెత్తం పైకి లేచింది. మూతలు తెరిచిన టకటక చప్పుడు వరసంతా సాగింది.

"అద్దం, కుజుమి గారూ!" గట్టు మీంచి మినె అరిచింది. "కుడి! కుడివైపు!"

సెగవాని రేవుకి పంపిన గొంతే అది. నిజమా అబద్ధమా తేల్చుకునే సమయం లేదు. కుజుమి వెనక్కి తిరిగాడు. మనుషుల వీపుల వెనక, పొగలో, కుడి చివరకి పరుగెత్తాడు. ఆ రెండో మనిషి తుపాకీ మిగతావాటిలా ఆకాశానికి ఎత్తి లేదు. పడవకి సూటిగా ఉంది.

బెత్తం దిగింది.

తుపాకీని పక్కకి తోసే వీలు కూడా లేదు. కుజుమి ఎడమ అరచేతిని రంజకపు గిన్నె మీద పరిచాడు. మండే వత్తి వచ్చి ఆయన చేతి వెనక దిగింది. మిగతావి ఢామ్మని పేలాయి.

చెయ్యి తీయలేదు. చర్మం కాలుతున్న వాసన ముక్కుకి తగిలింది. చూస్తూ నిలబడ్డాడు, ఎవరి చెయ్యో అన్నట్టు. రెండో చేత్తో వత్తిని పీకి నేలకేసి తొక్కాడు.

టోపీ కింద హొరియె ముఖం ఉంది.

ముసలాయన పెనుగులాడలేదు. తుపాకీని బిడ్డని అందించినట్టు అందించాడు. పొగ విడిపోయేసరికి నిరె ఆయన్ని రెక్క పట్టుకుని గుడారంలోకి నడిపిస్తున్నాడు. గురువుగారికి కళ్ళు తిరిగాయని చెప్పారు. జనం అయ్యో అన్నారు.

గుడారంలో తుపాకీ గొట్టంలోంచి సీసపు గుండు తీసి బల్ల మీద పెట్టారు. హొరియె దాని వైపు చూడలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు కుజుమి.

"కుర్రతనం నుంచి. ఏటా ఒక కబురు అడిగేవాళ్ళు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఏమీ అడగలేదు. మరిచిపోయారనుకున్నాను."

"ఆనబా మీ స్నేహితుడు కదా?"

"కలిసి బడికెళ్ళాం." హొరియె తన అరచేతులు చూసుకున్నాడు. "టీ పెడతానని అటు తిరిగాడు. ఆ తర్వాత ఇంటికెళ్ళి అన్నం తిన్నాను, బాబూ. ఏడుపొస్తుందేమోనని చూశాను. మోసేటప్పుడు వస్తుందనుకున్నాను. రాలేదు. నీకు వాసన తెలియలేదన్నావు చూడు, అప్పుడు నువ్వు ఫోటోలు తీయడానికి వచ్చినవాడివి కాదనుకున్నాను. అయినా దట్టించాను."

కుజుమి ఏదో అనబోయాడు. అప్పుడు చేతిలో ఏదో కదిలింది. మొదట చిమచిమలాడింది. తర్వాత మంట మోచేతి దాకా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బల్ల అంచు పట్టుకున్నాడు.

"కూర్చోండి సార్," అన్నాడు నిరె కంగారుగా. "నొప్పిగా ఉందా?"

"ఉంది," అన్నాడు కుజుమి. "చాలా ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు సెగవా నీళ్ళలో పడిన చప్పుడు ఎందుకో స్పష్టంగా వినబడింది. బల్ల పక్కన కూర్చున్నాడు.

బయట మినె ఆగివుంది. ఆమె కోసం నల్లకారు వచ్చింది. క్యోతో దుకాణం ఇక తెరుచుకోదు. ఆ పేరు కూడా ఇక ఉండదు. మందు రాసిన గుడ్డతో ఆయన చెయ్యి తనే కట్టింది.

"మొదట నేను అబద్ధం చెప్పాననుకున్నారు కదూ?"

"అనుకున్నాను."

"కుడివైపని అరిచినప్పుడు?"

"అప్పుడు అనుకోవడానికి టైం లేదు."

"అంతమాత్రం చాలు లెండి," అని ముడి గట్టిగా లాగింది. కుజుమి పళ్ళు బిగించాడు. ఆమె కారెక్కింది. అద్దం దించలేదు.

పడవ ఒడ్డుకి చేరింది. ఇవాసె ఎర్రబడిన ముఖంతో దిగాడు. రీలంతా అయిపోయిందట, ఇలాంటి పూట మళ్ళీ రాదట. రేపు కోర్టులో ఎంతసేపు కూర్చోమన్నా కూర్చుంటాడట. కారు దాకా కుజుమి ఆయన పక్కన నడిచాడు.

"అంతా బాగుంది గానీ," అన్నాడు ఇవాసె కారు తలుపు దగ్గర ఆగి, "రెండో విడతలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పేలనే లేదు, గమనించారా? ఫోటో అందమంతా అక్కడే పోయింది. ఇన్ని వందల ఏళ్ళ విద్య అంటారు, ఓ తుపాకీ సరిగ్గా పేల్చడం రాదు వీళ్ళకి!"

"చెబుతానండీ," అన్నాడు కుజుమి తలుపు మూస్తూ. "వచ్చే ఏడు జాగ్రత్తగా పేల్చమని చెబుతాను."