గీత దగ్గర ఆగిన మంచు

ఆ శనివారం పొద్దున కూడా లైల్ కాఫీ కప్పు పక్కన పెట్టుకుని దేశాన్ని సరిదిద్దే పనిలో కూర్చున్నాడు. పోస్టాఫీసు ఉద్యోగంలో రిటైరైన దగ్గర్నుంచీ వాషింగ్టన్ రాజకీయాల మీదో, కోడిగుడ్ల ధర మీదో, ఊళ్లో జనం మీదో ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి రాయనిదే ఆయనకు ముద్ద దిగదు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్లో సగం మంది చదివి మెచ్చుకునేవాళ్లు, మిగతా సగం చదివి పళ్లు నూరేవాళ్లు. లైల్‌కి రెండూ సంతోషమే.

పక్కిల్లు అక్క ఆర్లిస్‌ది. ఎన్నికలప్పుడు ఆవిడ ఇంటి ముందు గడ్డిలో లైల్‌కి గిట్టని అభ్యర్థి బోర్డు పాతింది. ఓట్లు లెక్కపెట్టేసినా పీకలేదు. మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అయినా మంచు పడ్డప్పుడల్లా రెండిళ్ల ముందు దారినీ లైలే శుభ్రం చేసేవాడు, మొన్నటిదాకా.

నిన్న మాత్రం మంచు తోసే మిషన్‌ని ఇద్దరి స్థలాల మధ్య గీత దగ్గరే ఆపి వెనక్కి తిప్పాడు. ఇటు శుభ్రమైన దారి, అటు మోకాలెత్తు మంచు. ఫోటో తీసి, ‘పక్కింటావిడ తన నాయకుణ్ణి పిలిచి తీయించుకుంటుందిలెండి’ అని రాసి పెట్టాడు. ఇంత పేరు ఆయనకు ఎన్నడూ రాలేదు.

"ఎంతమంది చప్పట్లు కొట్టారేంటి?" భార్య మార్వా ఫోన్ చేత్తో పట్టుకునే వంటింట్లోకి వచ్చింది.

"చూడు, పక్క ఊళ్ల వాళ్లు కూడా..."

"వదిన పడిపోయింది లైల్. నువ్వు ఫోటో తీసిన చోటే. పార పట్టుకుని తనే దిగిందట. చెయ్యి విరిగింది. చర్చి వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టించి రాత్రి ఇంట్లో దింపారట. ఇప్పుడే చెప్పారు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. మనం క్లబ్బులో చేపలు తింటూ ఉన్నప్పుడు. నువ్వు ఈ రాతే అందరికీ చదివి వినిపిస్తున్నప్పుడు."

లైల్ ముఖం మాడిపోయింది. "ఆ బోర్డు తీసెయ్యమని నేను ఎప్పట్నుంచో..."

"విరిగింది బోర్డు కాదు, మనిషి చెయ్యి! నాకూ సిగ్గుగానే ఉంది, నీ పక్కన కూర్చుని నవ్వినందుకు."

లైల్ కోటు తగిలించుకుని బయటపడ్డాడు. గీత దాటాక మంచులో కాళ్లు కూరుకుపోయాయి. ముందు ఎవరో పడి, పాకి, లేచిన గుర్తులున్నాయి. వాటి మీద అడుగు వెయ్యలేక చుట్టూ తిరిగి వెళ్లాడు.

ఆర్లిస్ మెడకు కట్టిన గుడ్డలో కుడిచెయ్యి వేలాడేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఏరా, ఇంకో ఫోటోకొచ్చావా?"

"అక్కా... నువ్వు చూశావా అది?"

"రోజూ చూస్తాను."

"నా రాతలా? నీకు నచ్చవుగా!"

"నీ రాజకీయం ఎవడిక్కావాల్రా? గుండె కోయించుకున్న మనిషివి. పొద్దున్నే ఎవర్నో ఒకర్ని తిట్టావంటే బానే లేచావని అర్థం. అది చూశాకే నేను కాఫీ పెట్టుకునేది."

లైల్ తల ఎత్తలేకపోయాడు. ఈ ఊరంతా తన తెలివి కోసం చదువుతోందనుకున్నాడు. తను బతికున్నాడో లేదో అని ఒక్క మనిషి చదువుతోంది. ఆ మనిషినే పదిమందిలో నవ్వులపాలు చేశాడు. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

"మంచు సంగతి పోనీలే," అంది ఆర్లిస్. "‘పక్కింటావిడ’ ఏంట్రా? నేను నీకు పక్కింటావిడనా?"

లైల్ కళ్లు తుడుచుకున్న కొద్దీ నిండుతున్నాయి.

"చాల్లే. డాక్టరు మళ్లీ రమ్మన్నాడు. ఈ బూట్ల లేసులు ఒంటిచేత్తో కట్టుకోవడం నావల్ల కావట్లేదు."

ఆయన గబుక్కున నేల మీద మోకరిల్లాడు. కట్టిన ముడి కట్టినట్టే జారిపోతోంది.

"ఆగరా, లేసుల్ని కుందేలు చెవుల్లా మడిచి రెండూ సమానంగా పట్టుకో. ఇప్పుడు ఒకదాని కిందనుంచి రెండోది లాగు," అంది ఆర్లిస్, అయిదేళ్ల తమ్ముడికి చెప్పినట్టే.

"ఇలాగేనా అక్కా?" అన్నాడు లైల్, తల దించుకునే.