మాట్లాడని భటులు

కుందవరం రాజ్యంలో నెలలు నిండకుండా పుట్టే బిడ్డలకు ఒక గండం ఉండేది. పుట్టిన కొద్ది రోజులకే పొట్ట ఉబ్బి, నల్లబడి, కన్నుమూసేవారు. రాణిగారికి ఏడో నెలలోనే కొడుకు పుట్టాడు. మర్నాటికే వాడి పొట్టా ఉబ్బసాగింది. రాజవైద్యులు తలలు పట్టుకున్నారు. వాడి అక్క కువలయ మాత్రం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. గుర్రమెక్కి, పులులు తిరిగే అడవి దాటి, గుహలో ఉన్న శంఖముని కాళ్ళమీద పడింది.

"స్వామీ, మా తమ్ముణ్ణి కాపాడండి!"

"నువ్వే వాడి కడుపులోకి వెళ్ళాలమ్మా," అంటూ ముని ఒక వేరుముక్క ఇచ్చాడు. "ఇది నమిలితే ధూళికణమంత అవుతావు. అక్కడ కేకలు పెట్టేవాళ్ళతో నీకు పని లేదు. మాట్లాడనివాళ్ళను వెతుకు."

కువలయ తిరిగొచ్చి, వేరు నమిలి, తమ్ముడి నోట్లోంచి లోపలికి జారింది. పేగు గోడ భగభగ మండుతోంది. వార్తాహరులు ఆజ్ఞలు రాసిన తాటాకులు పట్టుకుని "నిప్పు పెట్టండి!" అని అరుస్తూ పరుగెడుతున్నారు. కువలయ కత్తి దూసింది. ఒకడు పడితే ఇంకొకడు వస్తున్నాడు. చివరికి ఆయాసపడుతూ, కాగడా పట్టిన కాపలా రాక్షసుణ్ణి నిలదీసింది.

"ఇది మీ గోడే కదా! మీ గోడను మీరే కాల్చుకుంటారా?"

"ఆజ్ఞ వచ్చింది, కాలుస్తున్నాం."

"ఆపేవాళ్ళే లేరా?"

"ఉండేవాళ్ళు కొందరు. చేతిలో ఆకు లేదు, నోట మాట లేదు, ఒక ఇటుకైనా పేర్చరు. తిండిదండగని తరిమేశాను."

గోడ వెనక నక్కి ఉన్న ఆ మౌనభటులను కువలయ బతిమాలి తీసుకొచ్చింది. ఒకడు వార్తాహరుడి మీదికి దూకి, చేతిలో ఆకు లాక్కుని చింపేశాడు. అక్కడ మంట ఆగింది. అయితే వాళ్ళలోనే ఒక లావుపాటివాడు, గోడ కట్టమని తాపీమేస్త్రీలకు వచ్చిన ఆజ్ఞ ఆకు మీద బైఠాయించాడు. ఎంత లాగినా కదలడే! అప్పుడు జడలు పెంచిన మౌనభటుడొకడు వచ్చి, వాణ్ణి జడలతో చుట్టి ఈడ్చుకుపోయాడు. మేస్త్రీలు లేచి గోడ కట్టసాగారు.

కానీ మంటలు చాలాచోట్ల ఉన్నాయి, మౌనభటులు కొద్దిమందే.

"మిగతావాళ్ళేరీ?" అంది కువలయ.

"తొందరపడి పుట్టిన బిడ్డ కదమ్మా, ఇక్కడ మనవాళ్ళు తక్కువ," అన్నాడు ముసలి మేస్త్రీ. "మిగతావాళ్ళు తల్లి ముర్రుపాలలో రావాలి. ఇంకా రాలేదు."

కుందవరంలో ముర్రుపాలు మైల అని పారబోసి, బిడ్డకు మేకపాలు పడతారు. అడవికి బయలుదేరే ముందు తల్లి ముర్రుపాల గిన్నెను కువలయ తన చేతులతోనే తోటలో ఒంపి వచ్చింది.

తమ్ముడి ఎక్కిళ్ళతో పాటు బయటపడి, వేరు మహిమ తీరి మామూలు రూపం రాగానే కువలయ తల్లి గదికి పరుగెత్తింది. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మైలపాలు పడతావుటే? మన వంశంలో ఎవరూ పట్టలేదు!"

"అందుకే నెలలు నిండకుండా పుట్టిన నీ ఇద్దరు బిడ్డలూ దక్కలేదు, నాయనమ్మా."

అన్నాక కువలయ నాలుక కరుచుకుంది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని, కోడలి పాలలో దూదివత్తి తనే ముంచింది. చుక్క చుక్కగా రాత్రంతా పట్టింది.

తెల్లవారేసరికి పొట్ట మెత్తబడింది. సంబరం పట్టలేక రాజు కొడుకును ఎత్తుకున్నాడు. వాడు తండ్రి పట్టుబట్టలు కాస్తా పచ్చగా పాడుచేశాడు. పేగు బాగుపడిందనడానికి అంతకన్నా ఏం కావాలి! రాజు ఆ బట్టలు మార్చుకోకుండానే సభకు వెళ్ళి, తన తర్వాత కుందవరం ఏలేది కువలయేనని చాటించాడు. సభలో ఒక్కరూ ముక్కు మూసుకోలేదు.