గుడ్డ పడకముందే

తెల్లవారింది. మైసమ్మ అంబలి కాచి ముంతల్లో పోసింది. కోడలు జంగమ్మ చెంబులో నిప్పులు వేసి మొగుడి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ వాడలో ఇస్త్రీ చొక్కా తొడిగేది ఇస్రాయేలు ఒక్కడే. పాదిరిగారి బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. హైదరాబాదులో మూడేళ్లు మోటార్లు కడిగి, నడపడం నేర్చుకొని ఊరికి తిరిగొచ్చాడు. ఆరు నెలలుగా దొరగారి నల్లకారు అతని చేతిలోనే ఉంది.

తండ్రి సోమన్నది మాత్రం తాతల నాటి వెట్టి. దొర ఉండే గడి నుంచి పిలుపు వస్తే పోవాలి, చెప్పిన పని కూలి లేకుండా చేయాలి.

"నాయినా, గియ్యాల గడి దిక్కు రాకు," అన్నాడు ఇస్రాయేలు తల దువ్వుకుంటూ. "దొర బావమరిది పట్నం కెళ్లి పచ్చకారు తెచ్చిండు. రెండిట్ల ఏది మంచిదో చూస్తరట."

"యాదగిరిగుట్ట దాక ఉరికిస్తరా బిడ్డా?"

"అంత దూరం కాదు. నిలబడ్డ జాగల కెళ్లి ఏది జల్ది జోరందుకుంటదో చూసుడే. గడి కాడికెళ్లి మైలురాయి దాక. అర నిమిషం గూడ పట్టది."

"మరి నేనొస్తె ఏమైతది?"

ఇస్రాయేలు చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. పచ్చకారు నడిపే గుర్వయ్య పట్నంలో అతనితో కలిసి మోటార్లు కడిగినవాడే. మా నాయిన సికింద్రాబాదులో రైల్వే మేస్త్రి అని ఆ రోజుల్లో గుర్వయ్యకు చెప్పి ఉన్నాడు.

గడి ముందు రెండు కార్లూ పక్కపక్కన నిలిచాయి. దొర చేతిగడియారం విప్పి పట్టుకున్నాడు. గీత గీయడానికీ, ఎర్రగుడ్డ దించి సైగ చేయడానికీ ఒక మనిషి కావాలన్నాడు. జవాను పోయి పిలుచుకొచ్చింది సోమన్ననే.

"గీ ముసలాయన ఎవరు?" అని అడిగాడు గుర్వయ్య ఊరికే.

"ఊరి వెట్టోడు," అన్నాడు ఇస్రాయేలు.

సున్నం బుట్టతో సోమన్న నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. తల ఎత్తలేదు. గీత గీసుకుంటూ నల్లకారు దగ్గరికొచ్చి, "డ్రైవరు సాబ్, జర బండి వెనుకకు తీయుండ్రి," అన్నాడు. ఇస్రాయేలు ఎదురుగా చూస్తూ బండి వెనక్కి తీశాడు.

సోమన్న గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. ఇస్రాయేలుకు అక్కణ్నించి ఎలాగైనా దూరం పోవాలనే ఉంది. గుడ్డ ఇంకా గాలిలో ఉండగానే కాలు నొక్కేశాడు. నల్లకారు దుమ్ము లేపుకుంటూ మైలురాయిని ముందుగా దాటింది.

దొర మీసం దువ్వాడు. కానీ బావమరిది ఒప్పుకోలేదు. "గుడ్డ పడకముందే నీ డ్రైవరు తోలిండు బావా. గుడ్డ పట్టినోన్నే అడుగు."

దొర సోమన్న వైపు తిరిగాడు.

"తప్పు నాదే దొరా," అన్నాడు సోమన్న. "చెయ్యి గుంజి గుడ్డ సగం దించిన. మల్ల ఎత్తిన. డ్రైవరు సాబు గది చూసి తోలిండు."

చుట్టాల ముందు పరువు పోయిందని దొరకు మండింది. రేపు పొద్దున మళ్లీ చూద్దామన్నాడు. ముసలివాణ్ని గడి వాకిట్లో వంగబెట్టి, నడుం మీద బండ పెట్టించాడు. మధ్యాహ్నం దాకా దించొద్దన్నాడు. ఇస్రాయేలును కారు కడగమన్నాడు. అతను కడిగిన చక్రాన్నే మళ్లీ మళ్లీ కడిగాడు. తల తిప్పితే తండ్రి కనిపిస్తాడు. అందుకే తిప్పలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సోమన్న నులకమంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మైసమ్మ వేడిచేసిన ఆముదపాకు నడుం మీద వేస్తోంది.

"వచ్చిండ్రా సాబ్, కూసోండ్రి," అన్నాడు సోమన్న.

మైసమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎవన్ని సాబ్ అంటున్నవు? బండ మోసి మతి పోయిందా?"

"అలవాటు చేసుకుంటున్ననే. రేపు నలుగుట్ల నోరు జారి కొడుకా అంటె, పిలగానికి నామోషి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఇస్రాయేలుకు అది తట్టుకోరానిదైంది. గడపలోనే కూలబడి, గుర్వయ్యతో ఏమన్నాడో తల్లికీ భార్యకూ చెప్పాడు. చెప్పలేక చెప్పలేక చివరికి, "గుడ్డ పడకముందే నేనే తోలిన," అన్నాడు.

"నాకెరుకనే. కండ్లు ఇంకా పోలేదు," అన్నాడు సోమన్న.

"తప్పు నీది. బండ ఆయన నడుం మీద," అంది మైసమ్మ. "నిన్ను పట్నం పంపనీకె గీ ముసలోడు గుట్ట కింద రెండేండ్లు రాళ్లు కొట్టిండురా. గా సంగతి నీకు చెప్పద్దన్నడు."

జంగమ్మ మర్నాటికని ఇస్త్రీ చేస్తున్న చొక్కాను అలాగే వదిలేసి లేచిపోయింది. అతనికి అది మరీ పెద్ద దెబ్బ.

మర్నాడు ఇస్రాయేలు నలిగిన చొక్కాతోనే గడికి వెళ్లాడు. మొదట గుర్వయ్య దగ్గర ఆగాడు. "నిన్న బండ మోసింది మా నాయిన. మేస్త్రి కాదు, వెట్టోడు. నీకు అబద్ధం చెప్పిన." తర్వాత దొర ముందు నిలబడి, తప్పు తనదేనని చేతులు కట్టుకుని చెప్పాడు.

దొర చెంప మీద కొట్టి తాళంచెవి గుంజుకున్నాడు. నల్లకారు తానే నడిపాడు. బండి బరువో మరేమో గాని, పచ్చకారు మొదటి ఊపులోనే ముందుకు దూకింది. మైలురాయి దగ్గర నల్లకారు రెండు బండ్ల పొడవంత వెనకబడింది. దిగి వచ్చిన దొర ముఖం చిట్లించుకుని, "మీ అయ్య లేవలేడు గద. ఆని వంతు నువ్వు ఉరుకు. చుట్టపాయన కారు ముంగట ఆలేరు సడక్ దాక," అన్నాడు.

పశువుల్ని అదిలిస్తూ, జనాన్ని పక్కకు జరుపుతూ ఇస్రాయేలు ఉత్త కాళ్లతో పచ్చకారు ముందు పరుగెత్తాడు. గుర్వయ్య హారన్ కొట్టలేదు. బండికేదో అయిందని యజమానికి చెప్పి, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నడిపాడు. అయినా ఇస్రాయేలు రొమ్ము పగిలేలా ఉంది. ఈ ఆరు నెలల్లో దొర ఆలేరు స్టేషనుకు పోయిన ప్రతిసారీ కారు ముందు ఉరికింది తన నాయినే. జల్ది, జల్ది అని వెనక నుంచి హారన్ కొట్టింది తను. ఆ అరవై ఏళ్ల కాళ్ల వైపు ఒక్కసారీ చూడలేదు. అది గుర్తుకొచ్చి, ఆలేరు రోడ్డు ఎక్కగానే పక్కనున్న కంకరకుప్ప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. సోమన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"నాయినా, నౌకరి పోయింది," అన్నాడు ఇస్రాయేలు వాకిట్లోనే నిలబడి.

"జంగమ్మ గడి కాడ విని వచ్చి చెప్పింది. గుర్వయ్యకు నువ్వు నిజం చెప్పిన సంగతి గూడ చెప్పింది." సోమన్న అతని పాదాల వైపు చూశాడు. "నెత్తురు కారుతాందిరా. ఇట్ల రా."

"వద్దు నాయినా, నువ్వు వంగకు."

"వంగుడు నాకు కొత్తనా? కాలు ఇటు పెట్టు."

కొడుకు పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, కండ్లు చికిలించి ముల్లు కోసం వెతికాడు. ఇస్రాయేలు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"కదలకురా," అన్నాడు సోమన్న. "లోపల ఇరిగింది. జర నొస్తది."