గట్టి కాళ్ళు

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు ఐసు తీస్తారు. మస్కట్ నగరంలోని రువీలో రెండు గదుల ఫ్లాటు. ప్రేమచంద్ ఫ్రిజ్ తెరిచి, ఐసు ముక్కలు తువ్వాల్లో మూటకట్టి, కూతురు జూలీ కాలికి చుట్టడం కిందటి శీతాకాలం నుంచీ అలవాటు. ఆయన అక్కడే ఒక ప్రైవేటు కాలేజీకి పరుగుపందాల కోచ్. కూతురు ఆ కాలేజీలోనే చదువుతూ తండ్రి దగ్గరే పరుగు నేర్చుకుంటోంది. ఆ శీతాకాలంలో ఆ పిల్లకి మోకాలి కింద నొప్పి వచ్చిందంటే ఆయన చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. స్కానింగు తీయించాడు, గ్రౌండు వైపు రానివ్వలేదు, మెట్లు కూడా దిగనివ్వలేదు. నొప్పి తగ్గిపోయినా ఐసు మాత్రం ఆగలేదు.

ఆ గురువారం జూలీ ఐసు మూట అందుకుని తిన్నగా సింకులో కుమ్మరించింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు ప్రేమచంద్.

"నాకొద్దు డాడీ. నాకు నొప్పి లేదు. ఉన్నా నీకు చెప్పను."

పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న మేరీకుమారి గరిటె ఆపింది. ఆమె ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. డ్యూటీ బట్టల్లోనే ఉంది. తండ్రీకూతుళ్ళ మధ్య ఏం ఉడుకుతోందో ఆమెకి తెలుసు. ఆ మాటకొస్తే ఇంట్లో ముగ్గురికీ తెలుసు, పైకి అనకుండా తిరుగుతున్నారంతే.

సంగతి అజీజాది. జూలీతో పాటు పరిగెత్తే పిల్ల. తాతల కాలంలో ఆఫ్రికా పక్క జాంజిబార్ దీవి నుంచి వచ్చి మస్కట్ రేవు దగ్గర మత్రాలో స్థిరపడిన ఒమానీ కుటుంబం వాళ్ళది. మనిషి నిగనిగలాడే నలుపు. కాలేజీలో ఆమెని మించి పరిగెత్తేవాళ్ళు లేరు, చదువు కూడా స్పోర్ట్స్ సీటు మీదే. ఈ వారం మొదట్లో ప్రాక్టీసులో ఉండగా ఆమె కాలి ఎముక విరిగి ట్రాక్ మీదే పడిపోయింది. మేరీకుమారి వార్డుకే తెచ్చారు. ఎముక చాలా రోజుల కిందటే చిట్లిందనీ, ఆ చిట్లిన ఎముక మీదే పిల్ల పరిగెడుతూ వచ్చిందనీ డాక్టరు చెప్పాడు.

నొప్పి ఉన్నట్టు మీకు చెప్పిందా అని ప్రిన్సిపాల్ అడిగితే ప్రేమచంద్ లేదన్నాడు. దెబ్బ దాచిపెట్టి పరిగెత్తిన పిల్లలకి సీటు ఉంచరు, అది కాలేజీ నియమం. ఆదివారం కమిటీ కూర్చుంటోంది.

"నన్ను కూడా పిలిచారు. ఏం చెప్పమంటావు?" అంది జూలీ.

"ఏముంది చెప్పడానికి? నువ్వేం వినలేదని చెప్పు."

"నేను పక్కనే ఉన్నాను డాడీ. 'సర్, కాలు చాలా నొప్పిగా ఉంది' అని ఎన్నిసార్లు చెప్పింది! చెప్పిన ప్రతిసారీ నవ్వావు. ఇంకో రౌండు కొట్టమన్నావు."

"పిల్లలు రోజూ ఏదో ఒకటి అంటారు. అన్నీ పట్టించుకుంటే టీమ్ నడుస్తుందా? అయినా వాళ్ళకి పరుగు పుట్టుకతోనే వస్తుంది. కొంచెం బద్ధకం, అంతే అనుకున్నాను."

"వాళ్ళంటే ఎవరు?"

ప్రేమచంద్ కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. "నీకు తెలీదులే. ఆ శరీరాలే వేరు. నేనేం తిట్టలేదు, మెచ్చుకునే అన్నాను. మీవాళ్ళ కాళ్ళు గట్టివమ్మా, నీకేం కాదు అన్నాను. అది తప్పా?"

మేరీకుమారి పొయ్యి ఆర్పేసింది. జూలీ తల్లి వైపు చూసింది.

ఆ ఇంట్లో కొత్త బూట్లు కొన్న ప్రతిసారీ ఒక కథ ఉంటుంది. జూలీ చిన్నప్పటి నుంచీ వింటోంది, కామాలతో సహా ఒప్పజెప్పగలదు. ఒంగోలు దగ్గర హైస్కూల్లో జిల్లా పోటీలకి పిల్లల్ని ఎంపిక చేసి, డ్రిల్లు మాస్టారు అందరికీ బూట్లు పంచాడట. ప్రేమచంద్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపి, "మీ పేటోళ్ళ కాళ్ళు గట్టివిరా, నీకెందుకివి?" అన్నాడట. అందరూ నవ్వారట. కంకర మీద ఒట్టికాళ్ళతో పరిగెత్తితే మడమ చీలిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కథ చెప్పి, కూతురి బూట్ల లేసులు తనే ముడివేసి, "నా బిడ్డకి అలాంటి మాట రానివ్వను" అనేవాడు.

"ఆ మాట ఎక్కడ విన్నావు డాడీ?" అంది జూలీ. "మీవాళ్ళ కాళ్ళు గట్టివి అనేది. ఎక్కడ విన్నావు?"

"దానికీ దీనికీ ముడి పెట్టకు!" ప్రేమచంద్ అరిచాడు. "ఆయన నన్ను అవమానించడానికి అన్నాడు. నేను అలాగన్నానా? ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఇది. తీసేస్తే ఈ వయసులో నన్నెవడు పిలుస్తాడు? ఆ మాట నువ్వు ఆలోచించావా?"

"ఆ పిల్లకి కాలూ పోయి, సీటూ పోతే? అది నువ్వు ఆలోచించావా?"

"మేరీ, నువ్వైనా చెప్పు దానికి!"

మేరీకుమారి చేతులు తుడుచుకుంది. "నేను చెప్పేది ఒక్కటేనండీ. కట్టు వేసేటప్పుడు ఆ పిల్ల చెయ్యి నేను పట్టుకున్నాను. అరిచింది. మన జూలీ ఎలా అరుస్తుందో అలాగే అరిచింది. ఏం తేడా లేదు." బ్యాగు భుజానికి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఉప్మా ఎవరూ తినలేదు.

ఆ రోజంతా ప్రేమచంద్ ఒకచోట కూర్చోలేకపోయాడు. గ్రౌండుకి వెళ్ళి పిల్లల్ని తొందరగా పంపించేశాడు. ఇంటికొచ్చి టీవీ పెట్టాడు, కట్టేశాడు. ఏసీ పెంచాడు, తగ్గించాడు. నేను ఆ మాస్టారులాంటివాణ్ణి కాను అని తనలో తనే వాదించుకున్నాడు. ఆ మాస్టారు కూడా నవ్వుతూనే అన్నాడు కదా అని గుర్తొచ్చినప్పుడు మళ్ళీ లేచి నడిచాడు. కూతురు తలుపు వేసుకునే ఉంది.

శుక్రవారం గల్ఫులో ఆదివారం లాంటిది. ముగ్గురూ చర్చికి వెళ్ళారు, దారంతా ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూస్తూ. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే ఏసు పేరున అందరూ రొట్టె పంచుకునే రోజు. రొట్టె పంచే ముందు పాస్టరు గారు ఎప్పటిలాగే అందర్నీ మౌనంగా కూర్చోమన్నారు. ఎవరితోనైనా తగవుంటే సరిచేసుకుని గానీ రొట్టె ముట్టకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. చాలామంది ఆ మౌనంలో మధ్యాహ్నం బిర్యానీ గురించే ఆలోచిస్తారు. ప్రేమచంద్ కూడా ఆ రోజు దాకా అంతే.

రొట్టె పళ్ళెం వరసలో ఒక్కొక్కరి చేతులూ దాటి వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ ఆయన బల్ల మానిన రోజు లేదు. పళ్ళెం చేతుల్లోకి తీసుకున్నాడు. చూశాడు. ముట్టకుండా భార్యకి అందించాడు.

వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. జూలీ తండ్రి ముఖం వైపు చూసింది. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నిన్నటి నుంచి బిగబట్టుకున్న కోపంలోంచి ఆ పిల్లకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

ఆరాధన అయ్యాక ఆయన కారు ఇంటివైపు తిప్పలేదు. "మత్రాకి పోదాం" అన్నాడు. సముద్రం పక్క రోడ్డు మీద కారాపి, దిగకముందే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు. "సర్, నేను మీకు అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయి నొప్పని నాకు చాలాసార్లు చెప్పింది. నేనే వినలేదు. ఆదివారం కమిటీ ముందు కూడా ఇదే చెప్తాను." అవతలి నుంచి ఏదో పెద్ద గొంతు వినిపించింది. ఆయన "సరే సర్, మీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశాడు.

మేరీకుమారి ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

అజీజా వాళ్ళ ఇల్లు ఇరుకు సందులో ఉంది. నానమ్మ తలుపు తీసి, వచ్చింది ఎవరో తెలిసి కూడా ఖర్జూరాలూ కాఫీ తెచ్చి పెట్టింది. అజీజా కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. జూలీ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ప్రేమచంద్ కప్పు ముట్టలేదు.

"నీ సీటుకి ఏం కాదు. ప్రిన్సిపాల్‌కి నిజం చెప్పేశాను" అన్నాడు ఇంగ్లీషులో. "నువ్వు చెప్పావు, నేను వినలేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదమ్మా."

అజీజా సూటిగా ఆయన ముఖంలోకి చూసింది. "సర్, అప్పుడు నేను అబద్ధం చెప్తున్నానని అనుకున్నారా?"

"లేదు." "నీకు నొప్పి మాకంటే తక్కువ ఉంటుందనుకున్నాను."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒక మాస్టారు. నా గురించే చెప్పాడు, నా చిన్నప్పుడు. అది అబద్ధమని నా కాలికి తెలుసు. తెలిసి కూడా నీతో అన్నాను." ఇక ఆపుకోలేక ఏడ్చేశాడు, కూతురి ముందే, ఆ పెద్దావిడ ముందే.

ఎవరూ ఆయన్ని ఓదార్చలేదు. కళ్ళు తుడుచుకుని, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"ఇప్పుడెలా ఉంది నొప్పి?" అని అడిగాడు.

అజీజా జూలీ వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది. "చెప్తే నమ్ముతారా సర్?"

ఆయన తల ఊపాడు.

ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. పొట్టిగా కాదు, మొదట్నుంచీ. ఏ పొద్దున మొదలైందో, ఏ మలుపు దగ్గర ఎక్కువైందో, తను చెప్పినప్పుడు ఆయన ఏమంటూ నవ్వాడో కూడా. ప్రేమచంద్ మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, చివరిదాకా విన్నాడు.