గడియ పడని గది

ఆ హోటల్లో మూడో అంతస్తు వరండా ఉందే... దానికి మంచి పేరు లేదట. చీకటి పడితే ఊడ్చేవాళ్ళు కూడా ఆ చివరి మలుపు దాటరట. ఈ ముక్క గదులు ఇచ్చేటప్పుడే చెప్పి చావొచ్చుగా? చెప్పరు. సామాన్లన్నీ సర్దుకున్నాక, మంచినీళ్ళు తెచ్చినమ్మాయి చెప్పింది. అదీ మా పిన్ని ముందు.

పిన్ని కూతురు, మా అక్క, నాతో చెప్పిన మాటలివి. నేను కలిపిందేమీ లేదు.

అక్క ఎన్నాళ్ళుగానో సెలవులు దాచుకుని అమ్మానాన్నల్ని పరాయిదేశం తీసుకెళ్ళింది. జన్మకోసారైనా వాళ్ళిద్దరూ హాయిగా తిరగాలని దాని కోరిక. తిరిగారా? బాబాయి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. పిన్ని ప్రతి పళ్ళేన్నీ చూసి ముఖం చిట్లించింది. పైగా బాబాయి గురకకి తట్టుకోలేక ఆడవాళ్ళిద్దరూ ఒక గదిలో, ఆయన పక్క గదిలో.

మొదటి రాత్రి... తలుపు పిడి మెల్లగా తిరిగింది. ఎవరో ఒక్కసారి నెట్టారు. గడియ ఉంది కాబట్టి సరిపోయింది. అడుగులు ముందుకు సాగాయి — ఆ మలుపు వైపే.

"మీ నాన్నకి చెప్పకు..." పిన్ని గుసగుసగా అంది. "అసలే గుండెదడ మనిషి."

మర్నాడు రాత్రీ అంతే. పిన్ని తేల్చి చెప్పేసింది. ఇంకొక్కసారి ఆ పిడి తిరిగితే పొద్దున్నే ఇంటికి.

ఇంకా వారం సెలవుంది. అక్కకి ఒళ్ళు మండిపోయింది. దెయ్యమో భూతమో, ఇవాళ అటో ఇటో తేలిపోవాలని తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

అడుగులు... దగ్గరికొచ్చి ఆగాయి. పిడి తిరిగింది.

అక్క గడియ తీసి తలుపు లాగింది. ఎదురుగా — టార్చిలైటు పట్టుకుని బాబాయి.

ఉద్యోగమంతా పిల్లల హాస్టల్లో వార్డెనుగా చేశాడాయన. రాత్రి ప్రతి తలుపూ నెట్టి, లోపల గడియ పడిందని చూసుకుంటేగానీ ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ తెలియలేదు. ఇక్కడ వరండా నిండా తలుపులే, ఇంకేం.

"మతి పోయిందా నాన్నా?" అక్క గొంతు తగ్గించి కసిరింది. "అమ్మ హడలి చస్తోంది. నా సెలవంతా మట్టిపాలు చేశావు."

"అది కాదమ్మా..." బాబాయి నసిగాడు. "మలుపు తిరిగాక చివరి గదిలో పిల్లలున్నారు. రోజూ చెప్తున్నా గడియ వేసుకోరు. పడుకోమంటే నవ్వుతారు."

"ఏదీ, పద. చూపించు."

ఆ కోపంలోనే మలుపు దాటేసింది అక్క. చివరి తలుపు తనే నెట్టింది. తెరుచుకుంది.

లోపల మంచం లేదు. కిటికీ లేదు. నేలంతా దుమ్ము... దాని మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు.

"ఎక్కడ నాన్నా పిల్లలు?"

బాబాయి వినిపించుకోలేదు. చీకట్లోకి చూస్తూ, "ఇదే ఆఖరిసారి చెప్పడం" అన్నాడు మెల్లగా. "గడియ వేసుకుని బుద్ధిగా పడుకోండి."

తలుపు దగ్గరికి వేశాడు. ఇద్దరూ నిలబడ్డారు...

లోపల గడియ పడింది.

"హమ్మయ్య" అన్నాడు బాబాయి. "పద, పడుకుందాం."

పిడి తిప్పింది మొగుడేనని తెలిశాక పిన్ని హాయిగా నిద్రపోయిందట. పొద్దున్నే లేచి, తల దువ్వుకుంటూ, "ఈ వారమంతా ఇక్కడే ఉందామే" అందట.

అప్పటికే అక్క పెట్టెలు సర్దేసింది.