టవర్ సెల్లులు

కిందటి సోమవారం, సాయంత్రం ఆరు. బరంపురం దగ్గర సోనేపూర్‌లో మా ఇల్లు. బయట వాన. నా భార్య కుమారి పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతోంది. కరెంటు పోయింది, వెంటనే ఇన్వర్టర్ అందుకుంది. వీధంతా చీకటి, మా ఇంట్లో ఒక్కటే వెలుగు. కాస్త గర్వంగానే ఉంది నాకు.

నా పేరు నాగరాజు. సెల్ టవర్ల మెకానిక్‌ని. మా కూతురు బేబీకి ఉబ్బసం. మందు ఆవిరి పట్టే మెషిన్‌కి కరెంటు కావాలి. అందుకే డాబా మీద సోలార్ పలకలు వేసి, ఇన్వర్టర్‌కి పన్నెండు టవర్ బ్యాటరీ సెల్లులు వరసగా కలిపాను. సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయని కుమారితో అన్నాను. అబద్ధం. మా ఊరి టవర్‌లోంచే మంచివి తీసి, వాటి జాగాలో చచ్చినవి పెట్టాను. కరెంటు ఉన్నంతసేపూ ఎవరికీ తెలీదు. దొంగ అనండి, పడతాను.

కానీ కిందటి నెల తుఫాను వచ్చింది. కరెంటు పోయిన ఐదు నిమిషాలకే టవర్ ఆగింది. ఆరోజే మా వీధి గురువమ్మ మీద ఇంటి గోడ కూలింది. మర్నాడు మట్టి తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ప్రాణం పోయేదాకా అంబులెన్సుకి చేస్తూనే ఉంది పాపం. ఒక్క ఫోనూ కలవలేదు.

ఇక ఈ సోమవారం, దీపాలు పెట్టే వేళకి బేబీకి ఆయాసం మొదలైంది. మాస్కు పెట్టి మెషిన్ వేశాం. సెల్లులున్న మూలనుంచి తడిమట్టి వాసన వచ్చింది... కూలిన గోడ వాసన.

మెషిన్ ఆగిపోయింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"సూడు, పిల్లకి ఊపిరాడట్నేదు! అంబులెన్సుకి ఫోన్ సెయ్యి!" కుమారి అరిచింది.

సిగ్నల్ లేదు. కరెంటు లేకున్నా కిటికీలోంచి టవర్ ఎర్రదీపం కనబడుతోంది. అయినా సిగ్నల్ లేదు. అంబులెన్సు నంబరు నొక్కాను. ఫోన్ కలవనప్పుడు ఒరియాలో వచ్చే ఆ రికార్డు మాట కూడా రాలేదు...

ఎవరో ఎత్తారు.

"ఇనబడతందా, అన్నా?" గుసగుస.

"ఎవులు?"

"నాను... గురువమ్మని. నొక్కుతానే ఉండు."

"నా బిడ్డేటి సేసింది తల్లీ?"

"నానేటి సేశాను?"

పరుగెత్తి సెల్లుల వైర్లు ఊడబీకాను. ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో... మెషిన్ దానంతటదే తిరగడం మొదలెట్టింది. బేబీ గట్టిగా ఊపిరి తీసింది. కుమారి పిల్లని వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సెల్లులన్నీ మర్నాడే టవర్‌లో పెట్టేశాను. మెషిన్ ప్లగ్గు పీకేశాను. అది ఆగలేదు. మాస్కు తీస్తే పిల్ల పెదాలు నీలమవుతున్నాయి. మెషిన్‌తో సహా బరంపురం ఆసుపత్రికి బయల్దేరితే గుమ్మం దాటగానే మెషిన్ ఆగుతోంది. మళ్లీ లోపలికే తెచ్చాం.

బ్యాటరీయే లేని ఇన్వర్టర్ తెర మీద ఇంకా ఛార్జి కనిపిస్తోంది.

నిన్న ఇరవై రెండు శాతం.

ఈ పొద్దున పంతొమ్మిది.